చల్లటి పైపు

దెయ్యాల కబుర్లు మొదలైతే మా ఇంట్లో ముందు నన్ను బయటికి పంపేవారు. నేనుంటే కథ సాగనివ్వనని వాళ్ళ ఫిర్యాదు. అరుపు వినిపించిందంటే ఎంత దూరం నుంచి అని అడుగుతాను. తలుపు దానంతటదే తెరుచుకుందంటే గడియ ఎలాంటిది అని అడుగుతాను. రాజాం దగ్గర ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో గోడ మూలుగుతోందని కూలీలు పనిలోకి రావడం మానేస్తే, నేను వెళ్ళి ఆ గోడ వెనక పైపులో నిలిచిన నీళ్ళు తీసేసి వచ్చాను. మూలుగు ఆగిపోయింది. దెయ్యమంటే నా దృష్టిలో అంతే. ఎవరూ సరిగ్గా చూడని పైపు.

ఇప్పుడు నేను చెప్పబోయేది కూడా పైపు సంగతే. దీన్ని మాత్రం నాలుగేళ్ళుగా అన్ని వైపుల నుంచీ చూశాను. నాకు అంతుపట్టలేదు.

నా పేరు సూరిబాబు. బాయిలర్ ఫిట్టర్ని. విజయనగరం పక్కన ఒక జనపనార మిల్లులో పని నేర్చుకున్నాను. మిల్లు మూతపడ్డాక మా అక్క మొగుడు రామినాయుడు బావ, నేను కలిసి రాజాం, చీపురుపల్లి చుట్టుపక్కల బాయిలర్లు బాగుచేసుకుంటున్నాం. బావ బాయిలర్ నడపడానికి లైసెన్సు ఉన్న మనిషి. మాట మొరటుగా ఉంటుంది కానీ పనిలో మహా జాగ్రత్తపరుడు.

నాలుగేళ్ళ కిందట వానాకాలంలో మాకు ఒక పాత మిషన్ ఆసుపత్రి నుంచి కబురు వచ్చింది. ఊరి పేరు చెప్పను. తెల్లదొరల కాలంలో కట్టిన పెంకుటి భవనం, పెద్ద వరండాలు, వెనక బాయిలర్ గది. అక్కడ పుట్టే ఆవిరి నేల కింద పైపుల్లోంచి ఆపరేషన్ గదికి వెళుతుంది. కత్తులు, కత్తెరలు, గుడ్డలు ఒక పెద్ద ఇనప పెట్టెలో పెట్టి ఆ ఆవిరితో క్రిములు లేకుండా చేస్తారు. ఆ పెట్టె సరిగ్గా పనిచేయడం లేదు.

నర్సులందరికీ పెద్ద సుగుణమ్మ గారు. అరవై ఏళ్ళుంటాయి, తెల్లచీర, మెడలో చిన్న శిలువ. పరికరాల మూటకు అంటించే ఒక కాగితం పట్టీ తెచ్చి నా చేతిలో పెట్టారు. తగినంత వేడి తగిలితే దాని మీద గీతలు నల్లబడాలి. అవి లేత బూడిద రంగులోనే ఉండిపోయాయి.

"నాకు మీ పౌన్లు, డిగ్రీలు తెలీవు నాయనా," అన్నారావిడ. "పట్టీ నల్లబడాల. నల్లబడకపోతే ఆ కత్తి మనిషి మీద పెట్టనివ్వను. డాక్టరుగారు అడిగినా పెట్టనివ్వను."

అంటే ఆపరేషన్లు ఆగిపోయాయన్నమాట. వరండాలో తవిటమ్మ అనే అమ్మాయి ఉంది. తొలి కాన్పు, బిడ్డ అడ్డం తిరిగింది. రెండు రోజుల్లో ఆపరేషన్ చేయాలి. ఇక్కడ కుదరకపోతే విజయనగరం తీసుకెళ్ళమన్నారు. ఆమె అత్త మమ్మల్ని చూడగానే లేచి వచ్చింది.

"బాగవుతాదా బాబూ? కోడల్ని ఇజీనారం అట్టుకుపొమ్మంతన్నారు. ఆ దారి సూసినావా? గోతుల్లోనే కాన్పయిపోద్ది."

"సాయంత్రానికి బాగుచేసేస్తాం లేమ్మా," అన్నాను. మామూలుగా అనే మాటే.

సాయంత్రానికి కాలేదు. పెట్టె మీద మీటరు పదిహేను పౌన్ల ఒత్తిడి చూపిస్తోంది. ఆ ఒత్తిడి దగ్గర లోపల నూట ఇరవై ఒక్క డిగ్రీలుండాలి. నూట తొమ్మిది దగ్గరే ఆగిపోతోంది. ఒత్తిడి ఉండీ వేడి లేదంటే జబ్బు ఒక్కటే. ఆవిరితో పాటు గాలి కూడా లోపల ఉంది. గాలి బయటికి పోతే తప్ప దాని చోటులోకి ఆవిరి రాదు. అందుకే ప్రతి పెట్టెకూ, ప్రతి పైపు చివరా గాలి వదలడానికి ఒక చిన్న వాల్వు పెడతారు. పెట్టె అడుగున ఉన్నది బిగుసుకుపోయి ఉంది. దాన్ని మార్చాం. బుసబుసమని గాలి పోయింది. వేడి నూట ఇరవై దాకా ఎక్కింది. సుగుణమ్మ గారు చేతులు జోడించి దేవునికి స్తోత్రం అన్నారు.

పది నిమిషాలకు వేడి మళ్ళీ జారిపోయింది. నూట పదిహేను, నూట పది.

ఉన్న గాలి పోయింది. మళ్ళీ గాలి ఎక్కడి నుంచో వస్తోంది. అంటే నేల కింద ఎక్కడో ఎవరికీ తెలియని గొట్టం ఒకటి గాలిని దాచిపెట్టుకుని కొంచెం కొంచెంగా ఇటు తోస్తోందని నాకు అర్థమైంది. పాత ప్లానులు ఎవరి దగ్గరా లేవు. బట్టలుతికే గది ఒకటి పడమటి వైపు ఉండేదనీ, అది మూసేసి చాలా ఏళ్ళయిందనీ సుగుణమ్మ గారు చెప్పారు. అక్కడికీ ఆవిరి వెళ్ళేది. ఆ పైపు ఎక్కడ చీలిందో మాత్రం ఆవిడకు తెలీదు.

తెలుసుకోవాలంటే దారి ఒక్కటే. పైపులు వెళ్ళే కాలువలోకి దిగాలి. ఇటుకలతో కట్టిన సొరంగం అది. మేం డక్టు అంటాం. రెండున్నర అడుగుల ఎత్తు. బాయిలర్ గదిలో ఇనప మూత తీసి దిగి, పొట్ట మీద పాకుతూ పోవాలి.

ఆ సాయంత్రమే బాయిలర్ ఆర్పేశాం. నిప్పు మొత్తం లాగేసి బూడిద కూడా తీసేశాం. మర్నాడు పొద్దున్న పదింటికి చూస్తే ఒత్తిడి మీటరు సున్నా మీద ఉంది. బాయిలర్ ఒంటికి అరచెయ్యి ఆనిస్తే గోరువెచ్చగా కూడా లేదు. అయినా పెద్ద వాల్వు బిగించి, దాని చక్రానికి గొలుసు చుట్టి తాళం వేశాను. తాళంచెవి నా చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానో తర్వాత మీకే తెలుస్తుంది.

"నువ్వు దిగొద్దురా సూరీ. నీ పొట్ట సూసుకున్నావా? నానెల్తాను," అన్నాడు బావ.

"నీ మోకాళ్ళు సూసుకున్నావా ముందు?" అన్నాను. ఆయన తిట్టుకుంటూ మూత పక్కన చతికిలబడ్డాడు.

తలకు లైటు కట్టుకుని దిగాను. మొదటి పాతిక అడుగులు ఏ ఇబ్బందీ లేదు. కింద తడి మట్టి, పక్కన పైపు, పైన రాతి పలకలు. వేడి పోకుండా పైపుకు చుట్టిన సున్నం పూత చాలా చోట్ల ఊడిపోయి ఇనుము బయటపడింది. తడుముకుంటూ వెళ్ళాను. అంతా చల్లగా ఉంది. పాతిక అడుగుల దగ్గర నేననుకున్నది దొరికింది. కుడివైపు, ఆ బట్టల గది దిక్కుకు, ఒక పైపు చీలి, ఇంకా ఇరుకైన డక్టులోకి తిరిగింది. ఆ మూల మీద భుజాలు ఏటవాలుగా పెట్టి దూరాల్సి వచ్చింది. దూరాను. ఇంకో పదడుగుల్లో దారి ఇటుక గోడతో ఆగిపోయింది. పైపు చివర బిరడా బిగించి ఉంది. గాలి వదిలే వాల్వు లేదు. ఏళ్ళ తరబడి ఆ పదడుగుల గొట్టంలో గాలి బందీ అయి ఉందన్నమాట.

జబ్బు దొరికినందుకు సంతోషంగానే వెనక్కి బయల్దేరాను. తిరగడానికి చోటు లేదు. కాళ్ళు ముందు పెట్టి వెనక్కి జరగాలి.

మూల మీద ఇరుక్కుపోయాను.

కాళ్ళు, నడుము మలుపు దాటాయి. రొమ్ము దగ్గర ఆగిపోయాను. కుడిభుజం గోడకు, ఎడమచెయ్యి పైపుకు నొక్కుకుపోయాయి. ముందుకు జరుగుదామంటే చొక్కా పైకి ముడుచుకుపోయి రొమ్ము కింద ఉండలా చేరింది. కాలితో తన్నుకుందామంటే మడమలకు మట్టి తప్ప ఏమీ దొరకలేదు.

ఇలాంటివి నాకు కొత్త కాదు. కంగారు పడకూడదని తెలుసు. కాసేపు ఆగి మళ్ళీ ప్రయత్నించాను. ఇంకొంచెం బిగుసుకుంది. తల లైటు గోడకు తగిలి ఆరిపోయింది. నేను చూడగలిగింది ఏమీ లేదు. నా గుండె చప్పుడు పైపులోంచి తిరిగి నాకే వినిపిస్తోంది.

అప్పుడు ఇంకో చప్పుడు. టిక్. కాసేపటికి మళ్ళీ టిక్. టిక్.

ఆ చప్పుడు నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. చల్లటి పైపులోకి ఆవిరి వదిలితే ఇనుము వేడెక్కుతూ చేసే చప్పుడది.

ఎడమచేతి కింద పైపు వెచ్చబడింది. అనుమానమేమో అనుకున్నాను. మరి కాసేపటికి అనుమానం లేదు. టీ గ్లాసు పట్టుకున్నంత వేడి. తర్వాత పట్టుకోలేనంత వేడి. చెయ్యి తీసుకునే దారి లేదు.

"బావా! వాల్వు ఎవరు తీశారు?" అని అరిచాను.

బావ గొంతు చాలా దూరం నుంచి వచ్చింది. "ఎవులూ తియ్యలేదురా! గొలుసు నా కళ్ళ ముందే ఉన్నాది!"

"పైపు కాలిపోతోంది బావా!"

"సల్లగున్నాదిరా! నా సెయ్యి దాని మీదే ఎట్టుకున్నాను. మంచులాగున్నాది!"

ఒకటే పైపు. ఆ చివర ఆయన చెయ్యి, ఈ చివర నాది.

నేను అప్పుడు భయపడ్డాను. బాగా భయపడ్డాను. రొమ్ము నిండా గాలి పీల్చుకుని ఒక్క ఊపున లాక్కుందామని చూశాను. మలుపు నన్ను పిడికిట్లో పెట్టినట్టు బిగించేసింది. ఊపిరి బయటికి రావడం లేదు. ఇక్కడే పోతానని అనిపించింది. మా ఆవిడకు ఈ సంగతి ఎవరు చెబుతారా అనే ఆలోచన వచ్చింది. బావ చెప్పలేడు, ఏడ్చేస్తాడు అనుకున్నాను. ఇంత స్పష్టంగా గుర్తుంది.

అప్పుడు నా తల వైపు నుంచి, అంటే ఇటుకలతో మూసేసిన వైపు నుంచి, ఒక ఆడమనిషి మాట్లాడింది.

"గాలి ఒగ్గీ బాబూ. లోన ఎట్టుకోకు. ఒగ్గీ."

పెద్దావిడ గొంతు. అరుపు కాదు, గుసగుస కాదు. పక్కన కూర్చున్న మనిషి చెప్పినట్టు. తొందరేమీ లేదు ఆ గొంతులో. మా అమ్మ గొంతు కాదు. మా అమ్మ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. నాకు తెలిసిన ఎవరి గొంతూ కాదు.

వదిలాను. రొమ్ములో ఉన్న గాలంతా, కడుపులోది కూడా, చివరి బొట్టుదాకా వదిలాను. గోడ నా వీపు మీద నుంచి జరిగినట్టు తోచింది. జారాను. భుజం గీసుకుంది, చెయ్యి విడివడింది, మలుపు నన్ను వదిలేసింది.

మిగతా పాతిక అడుగులు ఎలా పాకానో గుర్తులేదు. బావ నా కాళ్ళు పట్టుకుని లాగేశాడు. నన్ను కూర్చోబెట్టి మొదట అడిగిన మాట ఇది.

"లోన ఎవులితో మాటాడతన్నావురా?"

"ఎవరితో?"

"'అలాగేనమ్మా' అన్నావు. రెండుసార్లు అన్నావు. ఎవులికన్నావు?"

నేను ఆ మాట అన్నట్టు నాకు గుర్తులేదు. ఇప్పటికీ గుర్తులేదు. ఆడగొంతు తనకు వినబడలేదని బావ అమ్మోరి మీద ఒట్టేసి చెప్పాడు.

గొలుసు వేసినట్టే ఉంది. తాళం వేసినట్టే ఉంది. చెవి నా జేబులో ఉంది. పైపు మీద చెయ్యి వేసి చూశాను. చల్లగా ఉంది. బాయిలర్ పొయ్యిలో ఒక్క నిప్పురవ్వ లేదు.

నా ఎడమచేతి మీద మోచేతి నుంచి మణికట్టు దాకా రెండంగుళాల వెడల్పున పొక్కులు లేచాయి.

సుగుణమ్మ గారే కట్టు కట్టారు. డాక్టరుగారు వచ్చి చూసి, ఇది గీసుకుపోయిన గాయం కాదు, కాలిన గాయమన్నారు. బాయిలర్ ఆర్పేశామన్నారు కదా అని అడిగారు. ఆర్పేశాం అన్నాను.

కట్టు కడుతుండగా సుగుణమ్మ గారికి మాత్రం జరిగింది చెప్పాను. ఆవిడ నవ్వలేదు. ఆ బట్టల గదిలో ఎవరైనా చనిపోయారా అని అడిగాను.

"ఆసుపత్రి కదా నాయనా, ఎవరూ పోని గది ఎక్కడుంటుంది?" అన్నారు. కట్టు ముడి వేస్తూ, "ఆ గదిలో మాత్రం ఎవరూ పోలేదు. ముప్పై నాలుగేళ్ళుగా ఇక్కడే ఉన్నాను. నాకు తెలీకుండా పోరు," అన్నారు.

తర్వాత గుత్తిలోంచి తాళంచెవి తీసి, నన్ను, బావను వెంటబెట్టుకుని ఆ గది తెరిచి చూపించారు. విరిగిన మంచాలు, పాత గాజు సీసాలు, సాలెగూళ్ళు. నేల మీద దుమ్ములో మా అడుగులు తప్ప ఇంకో అడుగు లేదు. పైపు వచ్చిన చోట గోడకు సిమెంటు పూసేసి ఉంది. సుగుణమ్మ గారు ఆ గోడకు చెయ్యి ఆనించి కాసేపు కళ్ళు మూసుకున్నారు. ఏం ప్రార్థించారో నేను అడగలేదు.

జబ్బు ఎక్కడుందో తెలిసింది కాబట్టి మళ్ళీ దిగే పని లేకపోయింది. కొలత వేసి, వరండాలో సరిగ్గా ఆ మలుపు మీదున్న రాతి పలకలు పైనుంచి లేపాం. ఆ పదడుగుల గొట్టాన్ని మొదట్లోనే కోసేసి, అక్కడ గాలి వదిలే వాల్వు ఒకటి బిగించాం. పని అంతా బావే చేశాడు, నేను కట్టు కట్టిన చేత్తో చూస్తూ కూర్చున్నాను. మర్నాడు బాయిలర్ వెలిగించాక పెట్టె నూట ఇరవై ఒకటికి ఎక్కి కదలకుండా నిలబడింది. సుగుణమ్మ గారు పట్టీ తెచ్చి చూపించారు. గీతలు బొగ్గులా ఉన్నాయి.

ఆ మధ్యాహ్నమే తవిటమ్మకు ఆపరేషన్ అయింది. ఆడపిల్ల. ఆ అత్త నా దగ్గరికొచ్చి, "మనవరాలు బాబూ, ఒకటే గుక్కపెట్టి ఏడుస్తన్నాది!" అని చెప్పి, నా చేతి కట్టు చూసి నాలిక్కరుచుకుంది. ఆ రోజు నాకు సంతోషంగానే ఉంది. అది కూడా చెప్పాలి.

ఇక నా వంతు పరిశోధన. ఊరికే ఒప్పుకునే మనిషిని కాను.

పలకలు లేపి ఉండగానే ఆ మలుపు కొలిచాను. బావ చేత నా రొమ్ము కొలిపించుకున్నాను, గాలి నిండా పీల్చి ఒకసారి, మొత్తం వదిలి ఒకసారి. గాలి పీలిస్తే ఆ సందులో పట్టను. వదిలితే పడతాను. కాబట్టి బయటికి ఎలా వచ్చానన్నదాంట్లో వింత లేదు. నాకు ఎవరో సరైన మాటే చెప్పారు. బతుకంతా పైపుల్లోంచి గాలి తీసినవాడికి ఆ మాట సొంతంగా తట్టలేదు, అంతే.

గాయం సంగతి. పాత సున్నం పూత తడిస్తే చర్మాన్ని కాలుస్తుందేమో అనుకున్నాను. ఆ పూత ముక్క ఒకటి తెచ్చి, తడిపి, కుడిచేతికి గంటసేపు కట్టుకున్నాను. మా ఆవిడ పిచ్చి ముదిరిందంది. చెయ్యి కొంచెం దురద పెట్టింది. పొక్కులు రాలేదు.

ఇంకో బాయిలర్ నుంచి ఆ పైపుకు దారి ఉందేమో చూశాను. ఆ ఆసుపత్రిలో ఇంకో బాయిలర్ లేదు. కరెంటు తీగ తగిలిందేమో అనుకున్నాను. ఆ డక్టులో తీగే లేదు. వేడి అంతా భయంలో ఊహించుకున్నానని మా ఊళ్ళో చదువుకున్న కుర్రాళ్ళు అన్నారు. సరే, ఊహించుకున్నానే అనుకుందాం. ఊహకు పొక్కులు లేస్తాయా అని అడిగితే అక్కడ ఆగిపోయారు. నేనూ అక్కడే ఆగిపోయాను.

ఇంకోటి కూడా నన్ను నిద్రపోనివ్వదు. వేడి, గొంతు, ఈ రెండూ ఒకే చోటి నుంచి వచ్చాయా? నన్ను కాల్చినదీ, కాపాడినదీ ఒకటేనా, వేరువేరా? దీని మీద నేను ఎన్ని రకాలుగా ఆలోచించినా తెగలేదు.

బావ ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఇరుకు చోట్లుంటే ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతోనే తను దిగుతాడు, నన్ను దిగనివ్వడు. మొన్న చీపురుపల్లి నుంచి బండి మీద వస్తూ టీ కోసం ఆగినప్పుడు నేనే అడిగాను. ఆ రోజు లోపలి నుంచి నేను 'అలాగేనమ్మా' అన్నప్పుడు నా గొంతు ఎలా ఉంది, బాగా భయపడిపోయి ఉందా అని.

బావ గ్లాసు కింద పెట్టాడు.

"లేదురా," అన్నాడు. "అదే నాకు బయమేసింది. బయం లేదు నీ గొంతులో. తల్లి పక్కలో తొంగున్న సంటోడు నిద్దట్లో పలికినట్టు పలికినావు."

ఇద్దరం టీ తాగి బండెక్కాం.